తాత చెప్పడు, మనమే అడగాలి



మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్లొచ్చిన తాత దగ్గుతుంటే ‘మిరప ఘాటులే’ అంటాడు. చిక్కిపోతే ‘వయసు’ అంటాడు. కూలి పోతుందని నొప్పి దాస్తాడు. అందుకే మనమే గమనించాలి.

దగ్గు 2 వారాలు దాటితే కళ్లె పరీక్ష చేయించండి. ప్రభుత్వాసుపత్రిలో అది ఉచితం. క్షయ అని తేలితే మందులూ ఉచితమే; డాక్టరు చెప్పినన్నాళ్లు మానకుండా వాడితే నయమవుతుంది. బీడీ, పొగాకు వాడేవారి నోట్లో పుండు 2 వారాలకూ మానకపోయినా, మూత్రంలో రక్తం ఒక్కసారి కనబడినా ఆగొద్దు. ఛాతీలో నొప్పి, మూతి వంకర, మాట తడబాటు వస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.

తాండా నుంచి ఆదోని ఆసుపత్రికి తాత ఒంటరిగా పోడు. బండి మీరే తీయండి, ఓపీ చీటీ మీరే రాయించండి. ఈ రాత్రే పక్కన కూర్చొని అడగండి: ‘తాతా, ఎన్నాళ్ల నుంచి ఈ దగ్గు?’

జై సేవాలాల్.