డిక్కీలో ఆంప్లిఫయర్‌కి తీగ ఎంత లావుండాలి?
2023 జూన్ 15న ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో ఒక కోచింగ్ భవనంలో కరెంటు మీటరు దగ్గర మంటలు రేగాయి. చదువుకునే పిల్లలు కిటికీల్లోంచి తాళ్లు పట్టుకుని దిగారు. ఆ వార్త విన్న దగ్గర్నుంచి నాకు ఏ తీగను చూసినా అనుమానమే, కారులో తీగతో సహా.

ఇంట్లో 230 వోల్టులు, కారులో 12 చిల్లర. వోల్టులు తగ్గితే అదే పనికి ఆంపియర్లు పెరుగుతాయి. 500 వాట్ల పాతరకం ఆంప్లిఫయర్ గట్టిగా పాడితే 60 ఆంపియర్ల దాకా లాగుతుంది. బ్యాటరీ నుంచి డిక్కీకి 5 మీటర్లనుకోండి. 8 గేజి రాగితీగలో 0.6 వోల్టు దారిలోనే వేడైపోతుంది. 4 గేజిలో పావు వోల్టే. అంకె తగ్గేకొద్దీ తీగ లావెక్కుతుంది, అదో తిరకాసు! రాగిపూత పూసిన అల్యూమినియమైతే ఇంకో సైజు పెంచండి. ఎర్త్ తీగా అంతే లావుండాలి.

ఫ్యూజు మాత్రం బ్యాటరీకి మూరెడు లోపే. ఆంప్లిఫయర్ పక్కన పెడితే, మధ్యలో తీగ రేకుకి ఒరుసుకున్నప్పుడు అది ఉన్నా లేనట్టే.