చదువుకు అప్పు రాసే ముందు



మా సంఘం సంగతి ఒకటి చెబుతాం. చెప్పడానికి సిగ్గుగానే ఉంది, తప్పులో మాకూ వాటా ఉంది.

3 ఏళ్ల కింద మా సంఘంలో ఒక అక్క తన బిడ్డను ల్యాబ్ టెక్నీషియన్ చదివిస్తానని 40,000 రూపాయల అప్పు అడిగింది. ఇంటర్ బైపీసీ పాసైన పిల్ల, నౌకరి వచ్చే చదువు, ఇంకేం కావాలని తీర్మానం రాసి సంతకాలు పెట్టేశాం. బర్రెకు అప్పు అడిగితే ఎన్నో ఈత, పాలెన్ని ఇస్తది అని వంద అడుగుతాం. ఆ కాలేజీ గురించి ఒక్క మాట అడగలేదు.

ఏడాదికి సర్టిఫికెట్ చేతికొచ్చింది. దాన్ని పట్టుకొని పనికి పోతే, పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ ఏదమ్మా అన్నారు. ఆ కాలేజీకి బోర్డు గుర్తింపే లేదు. ఏడాది పొడుగునా ఆ పిల్ల ఒక్క మనిషికి సూది గుచ్చి రక్తం తీయలేదట. అంతా బొమ్మల్లోనే చూపించారట! ఆ నెల మీటింగులో అక్క ఒక మూలకు కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు. కిస్తీ మాత్రం కట్టింది.

వడ్డీ వదిలేద్దామని కొందరం, అట్లయితే అందరూ అడుగుతారని కొందరం గొడవ పడ్డాం. చివరికి 6 నెలలు వాయిదా ఇచ్చాం.

తర్వాత నలుగురం సర్కారు ఆసుపత్రి ల్యాబుకు పోయి అడిగాం. బోర్డు డిప్లొమా, డీఎంఎల్‌టీ అంటారు, 2 ఏళ్లు. ఇంటర్ ఉండాలి, బైపీసీ వాళ్లకు ముందు. సర్కారు మెడికల్ కాలేజీల్లోనూ సీట్లున్నాయి. పది పాసైన పిల్లలకైతే ఇంటర్లోనే ఒకేషనల్ ఎంఎల్‌టీ గ్రూపు ఉంది. ఇదంతా తెలుసుకోవడానికి మాకు బస్సు చార్జీ తప్ప ఖర్చు కాలేదు.

ఆ బిడ్డ ఇప్పుడు గుర్తింపు ఉన్నచోట రెండో ఏడాది. ఊదా మూత ట్యూబు రక్తకణాల లెక్కకు, బూడిద మూతది షుగరుకు, తారుమారైతే రిపోర్టే తప్పు పోతదని ఇంటికొచ్చినప్పుడల్లా చెబుతది. రెండేళ్లు పోయినా పని నేర్చుకుంటున్నది.

ఇప్పుడు చదువు అప్పు అంటే మేం మూడు అడుగుతాం. బోర్డు గుర్తింపు కాగితం ఏది, ట్రైనింగ్ ఏ ఆసుపత్రిలో, కట్టిన ఫీజుకు రశీదు ఇస్తారా? మొన్న ఒక చెల్లెకు కోపమొచ్చింది, నా మీద నమ్మకం లేదా అని. నీ మీద ఉంది చెల్లె, కాలేజీనే మేం చూడలేదు అన్నాం. వారం తిరిగి కాగితం తెచ్చింది. అప్పు రాశాం.