నానీ ఇంటికి పోయిరావడం
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడు కూడా విద్యను గురించి మాట్లాడమని కార్యదర్శిగారు మమ్మల్ని కోరినారు. ప్రతి ఏడూ అదే మాట్లాడి మాకూ విసుగు, వినీ వినీ మీకూ విసుగు. అందుచేత వారి అనుమతితో వేరే సంగతి ఎత్తుకుంటున్నాము. పసిపిల్లలను వెంటబెట్టుకుని దాదా దాదీల ఇంటికి, నానా నానీల ఇంటికి పోయిరావడం గురించి నాలుగు మాటలు చెప్పదలచినాము. ఇది విద్య కిందికి రాదని కార్యదర్శిగారికి తోస్తే వచ్చే ఏడు మమ్మల్ని పిలవరు, అంతే గదా! మేము ఉర్దూ మీడియం పంతులం. తెలుగులో తప్పులు దొర్లితే పెద్దలు సర్దుకోవలెను.

మేము ఒంగోలులో పుట్టి పెరిగినాము. మా నానీ ఇల్లు ఈ చీరాలలోనే. మా చిన్నతనంలో, అనగా 1980ల చివరిలో, బడికి సెలవులు ఇచ్చిన మర్నాడే మా అమ్మీ మమ్మల్ని ప్యాసింజరు బండి ఎక్కించేది. కరవది, అమ్మనబ్రోలు, ఉప్పుగుండూరు, చినగంజాం, కడవకుదురు, వేటపాలెం అని స్టేషన్ల పేర్లు పాఠం అప్పజెప్పినట్టు అప్పజెప్పేవాళ్ళం. చినగంజాం దగ్గర ఉప్పు కొటార్లు వచ్చినాయంటే సగం పైన దాటినట్టే. ప్లాట్‌ఫారం మీద మా నానా నిలబడి ఉండేవారు. ఆయన బట్టల మూట భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగి అమ్ముకునే మనిషి. ఎండాకాలం తలకు తేలియా రుమాలు చుట్టుకునేవారు. పెద్దలకు తెలిసే ఉంటుంది, ఆ రుమాలు నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిద నీళ్ళలోనూ నానబెట్టి, ఎర్రగా నల్లగా రంగులద్ది నేసేవారు. మన చీరాల రుమాళ్ళు అరబ్బు దేశాలకు కూడా పోయినాయి. ఎన్నిసార్లు ఉతికినా దానికి నూనె వాసన పోదు. ఆ వాసనే మాకు నానా వాసన. ఈనాటికీ నూనె కొట్టులో అడుగుపెడితే ఆయన పక్కన నిలబడినట్టే ఉంటుంది.

నానాకు ఒక పట్టుదల ఉండేది. 1970లో మన ప్రాంతాన్ని గుంటూరు జిల్లాలో నుంచి తీసి కొత్త జిల్లాలో కలిపినారు గదా. ఆయన మాత్రం చనిపోయేదాకా జాబుల మీద గుంటూరు జిల్లా అనే వ్రాయించినారు. 2022 ఏప్రిల్‌లో చీరాల బాపట్ల జిల్లాలోకి పోయింది. ఆయన ఉంటే ఏమనేవారో!

సరే, అసలు సంగతికి వద్దాం. అప్పట్లో నానీ ఇంటికి పోవడమంటే నెల రోజులు. ఇప్పుడు మనం ఎట్లా పోతున్నాం? పొద్దున పది గంటలకు దిగుతాం. పెద్దవాళ్ళకు పిల్లను చూపిస్తాం. "సలాం చెప్పు, సలాం చెప్పు" అని పిల్ల వీపు మీద తడతాం. బిర్యానీ తింటాం. పిల్ల ఏడిస్తే చేతికి సెల్‌ఫోను ఇస్తాం. నాలుగు గంటలకు "బస్సు పోతుంది" అని లేస్తాం. ముసలివాళ్ళు గడపలో నిలబడి చెయ్యి ఊపుతారు. ఇంటికొచ్చి, చూసి వచ్చినాం అనుకుంటాం. ఒకరిని తప్పుబట్టడానికి ఈ మాట అనడం లేదు. మేమూ నాలుగేళ్ళు ఇట్లానే చేసినాము.

మా అత్తగారిది చిలకలూరిపేట. మా మామగారు పత్తి జిన్నింగు మిల్లులో గుమాస్తాగా చేసి మానుకున్నారు. 2025లో రంజాన్ పండుగ మర్నాడు మా ఐదేళ్ళ అమ్మాయిని తీసుకుని పోయినాము. మా అత్తగారు మంచం మీద కూర్చుని "మేరె కనె ఆ మా, ఇధర్ బైఠ్" అని చేతులు చాచినారు. పిల్ల వాళ్ళమ్మ వెనకాల దాక్కుని, అందరికీ వినబడేటట్టు, "అమ్మీ, నానీ ఏమంటోంది?" అని అడిగింది.

ఇల్లంతా ఒక్క నిమిషం చప్పుడు లేదు. అప్పుడా పెద్దావిడ, అరవై ఐదేళ్ళు ఉర్దూ తప్ప ఇంట్లో ఇంకో మాట మాట్లాడని మనిషి, మనవరాలి కోసం తనకు వచ్చీరాని తెలుగు వెదుక్కుంది. "రామ్మా, నువ్వు అన్నం తినిందా?" అన్నది. పిల్ల నవ్వింది. మేము తల వంచుకున్నాము. ఊళ్ళో వాళ్ళ పిల్లలకు అలిఫ్ బే నేర్పి జీతం తీసుకునే మేము సొంత బిడ్డకు నానీ మాట అర్థం కాకుండా పెంచినాము. ఇంగ్లీషు మీడియంలో చేర్చేటప్పుడు "ఇంట్లో ఉర్దూ మాట్లాడితే వెనకబడుతుంది" అని ఎవరో అంటే, నిజమే కాబోలు అనుకున్నాము. మా ఇంట్లో వాళ్ళు వద్దంటూనే ఉన్నారు. వినలేదు. ఆ తప్పు మాది.

మన నూర్‌బాషా సోదరుల ఇళ్ళలో తెలుగే మాట్లాడతారు, వారికి ఈ చిక్కు లేదని మీరు అనవచ్చు. కానీ దూదేకే పనిలో బ్రతికిన ముసలాయన నోట్లో ఉన్న తెలుగు మాటలు ఇవాళ్టి మనవడికి ఎన్ని తెలుసు? ఏ భాషయినా ఒక్క పూటలో పట్టుబడదు.

అందుచేత ఆ వేసవి సెలవుల్లో ఒక నిర్ణయం చేసినాము. ఏప్రిల్ 24న బడులు మూసినారు, జూన్ 12 దాకా తెరవరు. మా ఇంట్లో వాళ్ళు పిల్లతోపాటు పేటలో వారం రోజులుండి, పిల్ల అలవాటు పడినాక తిరిగి వచ్చినారు. పిల్ల ఇంకో ఇరవై రోజులు నానా నానీల దగ్గరే ఉంది. మొదటి మూడు రాత్రులు ఏడ్చిందట. నాలుగో రాత్రి నుంచి నానా పక్కలో తప్ప పడుకోనన్నదట.

ఇది విని మీరందరూ రేపే పిల్లలను దింపిరావద్దు. కొన్ని సంగతులు ముందు చూసుకోవలెను. ఏడాది కారం కోసం మా అత్తగారు మేడ మీద మిరపకాయలు ఎండబోసినారు. మా పిల్ల వాటితో ఆడి ఆ చేతులతోనే కళ్ళు నలుపుకుంది. వాడంతా వినబడేట్టు అరిచిందట. నానా కళ్ళల్లో చల్లటి మంచినీళ్ళు పోస్తూ కూర్చుంటే, నానీ చేతులకు నూనె రాసి సబ్బుతో కడిగింది. కారం మంట వట్టి నీళ్ళతో పోదు, నూనెతో వదులుతుంది. అది ఆవిడకు తెలుసు. తర్వాత మందులు. పెద్దవాళ్ళ బి.పి. బిళ్ళలు, షుగరు బిళ్ళలు తలగడ కిందనో కిటికీలోనో ఉంటాయి. పసివాళ్ళకు అవి పిప్పరమెంట్లుగా కనబడతాయి. మనం పోయిన వెంటనే వాటిని పై అరలో పెట్టించవలెను. నీళ్ళ తొట్టి మీద మూత ఉందో లేదో చూడవలెను. ఇక రోజుకు మూడుసార్లు పిల్లకు చాయ్‌లో బిస్కెట్టు ముంచి పెట్టినారని మా ఇంట్లో వాళ్ళు తల్లితో గొడవపడినారు. ఫోనులో ఒక పావుగంట యుద్ధం. ఆ విషయంలో మేము నానీ పక్షమే, అయితే ఇంట్లో చెప్పలేదు. ఇక్కడ చెప్పినామని మీరూ చెప్పకండి.

పన్నెండో రోజనుకుంటాము, పిల్ల ఫోను చేసింది. అప్పటికే సగం ఉర్దూ, సగం తెలుగు. "అబ్బా, నానీ ఖురాన్ చదువుతుంది గానీ పేజీ తిప్పడం మర్చిపోతుంది" అన్నది. మేము నవ్వినాము. "నేను దగ్గరికి పోయినా నన్ను చూడదు, తలుపును చూసి మాట్లాడుతుంది" అన్నది. అప్పుడు నవ్వు ఆగిపోయింది.

సంగతేమంటే ఆవిడకు రెండు కళ్ళల్లో శుక్లాలు ముదిరినాయి. ఏడాదికి పైగా ఎవ్వరికీ చెప్పలేదు. ఆపరేషన్ అంటే భయం, అల్లుడికి ఖర్చు అని మొహమాటం. తెలిసిన సూరాలు కంఠతా వచ్చు గాబట్టి, గ్రంథం తెరిచి పెట్టుకుని నోటికొచ్చినవి చదువుతూ, ఇంట్లో ఎవరికీ అనుమానం రాకుండా నెట్టుకొచ్చింది. మామగారికే తెలియదు. మేము రెండు పండుగలకు పోయినాము, బిర్యానీ తిన్నాము, ఆవిడ కళ్ళల్లోకి చూసినామా? పన్నెండు రోజులు ఒళ్ళో కూర్చున్న ఐదేళ్ళ పిల్ల చూసింది.

ఆగస్టులో ఒక కంటికి, అక్టోబరులో రెండో కంటికి ఆపరేషన్ అయింది. పొరను తీసి లోపల చిన్న కటకం అమరుస్తారు. మధ్యాహ్నానికి ఇంటికి పంపించేసినారు. దీనికా ఏడాది భయపడింది అనిపించింది. ఈ సభలో ఉన్న పెద్దలలో ఎవరైనా ఇట్లాగే దాచుకుని ఉంటే, దయచేసి ఇంట్లో చెప్పండి. శుక్లానికి చుక్కల మందు లేదు, ఆపరేషనే.

మన ప్రవక్త (స) వారు మనవరాలు ఉమామాను ఎత్తుకునే నమాజు చేసిన సంగతి, సజ్దాలో ఉండగా మనవడు వీపెక్కితే వాడు దిగేదాకా సజ్దాను పొడిగించిన సంగతి జుమా బయాన్లలో మనం వింటూనే ఉంటాం. విని, ఇంటికొచ్చి, "తాతను విసిగించకు, ఇటురా" అని పిల్లవాడిని లాగేస్తాం. ఆ తాతకు విసుగుగా ఉందని మనకెవరు చెప్పినారు?

ఖర్చు మాట వస్తుంది గనుక అదీ చెబుతాము. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు, ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో టిక్కెట్టు డబ్బులు లేవు. గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. పర్చూరు మీదుగా పేటకు పోయే బస్సులో మా ఇంట్లో వాళ్ళు, పిల్ల ఇప్పుడు ఊరికే పోతున్నారు. మేమొక్కరమే టిక్కెట్టు కొనుక్కుంటున్నాము. ఆడపిల్లను పుట్టింటికి పంపడానికి ఛార్జీలు అడ్డమని చెప్పుకునే మగవాళ్ళకు ఇంకో సాకు వెతుక్కునే పని పడింది. రైలులో ఐదేళ్ళలోపు పిల్లలకు వేరే సీటు అడగకపోతే టిక్కెట్టు లేదు. ఒంగోలులో మా అన్నగారి ఇంట్లో ఉంటున్న మా అమ్మీ దగ్గరికి పోవడానికి మాకు ఆ సాకూ లేదు. గంట ప్రయాణం. నానీ వైపు సరిచేసుకున్నాక దాదీ వైపు లెక్క మొన్ననే తీసినాము. 2025 మొత్తంలో నాలుగుసార్లు పోయినాము, ఒక్క రాత్రి కూడా ఉండలేదు. అమ్మీ ఏమీ అనలేదు. మేము అడగనూ లేదు.

రెండో కంటి కట్టు విప్పిన వారానికి పిల్లను తీసుకుని పేటకు పోయినాము. మా అత్తగారు నల్లద్దాలు తీసి మనవరాలిని వెలుతురులోకి లాగి, గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "నీ ముక్కు నీ దాదీది గదే! నాదనుకున్నాను ఇన్నాళ్ళూ" అన్నది. ఉర్దూలోనే అన్నది. పిల్ల ఉర్దూలోనే తగువుకు దిగింది. ఆ సాయంత్రం నాలుగు గంటల బస్సు పోయింది. మేము ఎక్కలేదు.

వచ్చే శుక్రవారం సాయంత్రం ఒంగోలు పోతున్నాము, రెండు రాత్రులకు బట్టలు సర్దుకుని.