ఊరు ఒకటే - ఫైళ్ళు మూడు
(నాగర్‌కర్నూల్‌లో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరయినవాణ్ణి కనుక శాఖల మధ్య సమన్వయం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆపదల అంచనా వరకే మాట్లాడతాను.

2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్రలకు వచ్చిన వరదను ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లావాళ్ళం ఎవరం మరచిపోలేదు. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు కాగా, ఆనాడు నీరు 896 అడుగులు దాటింది. అవతల కర్నూలు, ఇవతల అలంపూర్, రాజోలి మునిగాయి.

ప్రతి శాఖ దగ్గరా ఆపద గురించి ఏదో ఒక లెక్క ఉంటుంది. ఉదాహరణకు ఒక ఊరిని ఊహించుకుందాం. ఆసుపత్రి మెరక మీద ఉంది కనుక ప్రమాదం తక్కువని వైద్యశాఖ రాసుకుంది. కల్వర్టు మీద నీళ్ళు పారేది ఏడాదికి ఒకటి రెండు రోజులే కనుక మధ్యస్థమని రోడ్ల శాఖ రాసింది. సబ్‌స్టేషన్ పల్లంలో ఉన్నా, కరెంటు ఆపి మళ్ళీ ఇవ్వవచ్చు కనుక మధ్యస్థమేనని విద్యుత్ శాఖ రాసింది. ఎవరి రాత వారికి ఒప్పే. కాని మూడింటికీ కారణం ఒకే వాన. మూడూ ఒకే రాత్రి జరుగుతాయి. ఆ రాత్రి నొప్పులు పడే ఆడకూతురికి దారి లేదు, ఆసుపత్రిలో దీపం లేదు. మూడు ఫైళ్ళలోనూ 'ఎక్కువ' అన్న మాటే లేదు. ఊళ్ళో మాత్రం ప్రాణగండం!

కనుక కలపడమంటే కాగితాలన్నీ కలిపి ట్యాగు కట్టడం కాదు. తక్కువ, ఎక్కువ అనే మాటలకు అన్ని శాఖలకూ ఒకే కొలత ఉండాలి. లెక్క శాఖల వారీగా కాక ఊరి వారీగా వేయాలి. ఒకటి ఆగితే దానితోపాటు ఇంకేమేమి ఆగుతాయో రాయాలి.

ఇందుకు చట్టం లేకపోలేదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం కలెక్టరు అధ్యక్షతన జిల్లా సంస్థ ఉండాలి; శాఖలూ స్థానిక సంస్థలూ తమ ప్రణాళికలు తయారుచేయాలి; జిల్లా ప్రణాళికను ఏటా సమీక్షించాలి. 2016 అక్టోబరు 11న మన జిల్లా విడిపోయింది. నది విడిపోలేదు. కృష్ణ ఒడ్డు ఇప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ తదితర జిల్లాల్లో ఉంది కనుక, శాఖలే కాదు, జిల్లాలు కూడా కలిసి కూర్చోవాలి.

2025 ఫిబ్రవరి 22న మన దోమలపెంట వద్ద సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్నప్పుడు సైన్యం, జాతీయ విపత్తు దళం, సింగరేణి, రైల్వే అన్నీ కలిసి పనిచేశాయి. ఆపద వచ్చాక కలిసే చేతులు, ఆపదకు ముందు ఒక కాగితం మీద కలిస్తే ఎంత మేలు!

మిత్రులారా, ఇందులో మన పని కూడా ఉంది. ఏ వాగు ఏ వాడకు ఎక్కుతుందో, ఏ చెరువు కట్ట ఎక్కడ బలహీనమో మనలోని పాత పట్వారీకి, లైన్‌మన్‌కు, నర్సమ్మకు, కాలువ లష్కరుకు తెలుసు. ఆ తెలివిడి ఏ ఫైల్లోనూ లేదు, మనతోనే పోతుంది. వానాకాలానికి ముందు ప్రతి మండలంలోనూ మన సభ్యులు ఒక పూట కూర్చుని, ఊరికొక పేజీ రాసి కలెక్టరు కార్యాలయానికి అందజేయాలని నా మనవి. ఒంటరిగా ఉండే వృద్ధుల ఇళ్ళూ, రోజూ మందులు తప్పనివారి ఇళ్ళూ అందులో చేర్చండి. వారిలో మనవాళ్ళే చాలామంది.

బతికే ఉన్నామని ఏటా మనం పత్రం ఇస్తూనే ఉన్నాం. ఊరు కూడా బతికి ఉండడానికి ఒక పత్రం ఇద్దాం.