అన్నములోని లోహవిషము



ధాన్యము ముక్కిపోయినచో వాసన చెప్పును. పప్పు పుచ్చినచో కన్ను చెప్పును. నూనె చెడినచో నాలుక చెప్పును. కాని సీసము, పాదరసము, కాడ్మియము అను భారలోహములు లేశమాత్రముగా ఆహారమునఁ జేరినప్పుడు ఈ మూఁడింద్రియములును మనకు తోడు రావు. క్రిమి నిప్పునఁ జచ్చును. లోహము ఎంత యుడికించినను నశింపదు.

జపాను దేశమున తొయామా మండలములో జింజూ అను నది కలదు. ఎగువనున్న గనినుండి కొట్టుకొనివచ్చిన కాడ్మియము ఆ నీటితో వరిపొలములఁ జేరెను. బియ్యము చూపునకు తెల్లనిదే, రుచికి మంచిదే. దానిని ఏండ్ల తరబడి తిన్నవారికి, ముఖ్యముగా వయసు మీఱిన స్త్రీలకు, మూత్రపిండములు చెడి, ఎముకలు మెత్తబడి విఱిగెను. నొప్పి, నొప్పి యని యర్థమిచ్చు ‘ఇతాయి ఇతాయి’ యను రోగుల మొఱయే ఆ వ్యాధికి పేరయ్యెను. దానికి కాడ్మియమే మూలమని 1968లో అచటి ప్రభుత్వము అంగీకరించెను.

అంతర్జాతీయ ఆహారప్రమాణములను నిర్ణయించు కోడెక్సు సంఘము తెల్లబియ్యమున కిలోకు 0.4 మిల్లీగ్రాములకు మించి కాడ్మియము ఉండరాదనినది. అనఁగా 25 క్వింటాళ్ల బియ్యములో ఒక్క గ్రాము! ఇంత సూక్ష్మమును పట్టు యంత్రములు పెద్ద ప్రయోగశాలలలోఁ గలవు గాని, వాని వెల మిక్కిలి హెచ్చు.

కావున శాస్త్రజ్ఞులు మఱియొక యుపాయము వెదకుచున్నారు. మీటరులో నూఱుకోట్లవ వంతు నానోమీటరు. పది నానోమీటర్లకు లోఁబడిన కర్బన కణములు 2004లో కనుఁగొనఁబడినవి. నిమ్మపులుసునందలి ఆమ్లమును వేఁడిచేసియు వీనిని చేయవచ్చును. అతినీలలోహిత కిరణములు సోఁకినప్పుడు ఇవి నీలముగానో, పచ్చగానో వెలుఁగును. దీనిని ప్రతిదీప్తి యందురు. పాదరసము వంటి లోహము కణమును అంటుకొన్నచో ఆ వెలుఁగు తగ్గును. ఎంత తగ్గెనో కొలిచినచో లోహమెంత యున్నదో తెలియును. నేనైతే దీనిని దీపపు గాజుబుడ్డికి మసి పట్టుటతోఁ బోల్చెదను: వెలుఁగు తగ్గిన కొలఁది మసి హెచ్చినదని యెఱుఁగుదుము గదా!

అయినను ఈ పరీక్షకు హద్దులు కలవు. బియ్యమును ముందు ఆమ్లములతోఁ గరఁగించి లోహమును ద్రావణములోనికిఁ దేవలెను. ఇనుము, రాగి కూడ ఒక్కొక్కప్పుడు వెలుఁగును తగ్గించి భ్రమ కలిగించును. కావున కణములపై, కోరిన లోహమునే పట్టు పదార్థములను పూయుదురు. అనుమానము తోఁచిన మచ్చును పెద్ద యంత్రముతో మరల పరీక్షింతురు.

గ్రామపెద్దలకు నా మనవి యొక్కటి. మన దేశమున 2006వ సంవత్సరపు ఆహార భద్రతా చట్టము, 40వ విభాగము ప్రకారము, కొన్న వస్తువును రుసుము చెల్లించి ప్రభుత్వ ఆహార విశ్లేషకునిచేఁ బరీక్షింపించుకొను హక్కు కొనువానికిఁ గలదు. ఆ యుద్దేశమును కొనునప్పుడే అమ్మువానికిఁ దెలుపవలెను. గనుల నీరు, కర్మాగారముల నీరు పాఱు చేల పంటను ఇట్లు పరీక్షింపించుఁడు. జింజూ తీరమున ఎముకలు విఱిగిన పిమ్మట తెలిసినది, మన యూళ్లలో గింజ గాదెకుఁ జేరకమునుపే తెలియవలెను.