ఇరుకు బాటలో వెలుగు నడక
(సంఘ సమావేశమున చేసిన ఉపన్యాస పాఠము)



మన యిండ్లలోని పిల్లలు సెల్ ఫోనున దూరదేశపు బంధువులతో ముచ్చటించుచున్నారు. ఆ మాటలు త్రోవలో చాలభాగము గాజుపోగులలో వెలుగుగా సాగుచున్నవి. ఆ వెలుగును గోటియంత సిలికాన్ చిప్‌పై నడపుటలో కలిగిన యొక చిక్కును, దానిని శాస్త్రజ్ఞులు తీర్చిన విధమును నేడు మనవి చేయదలచితిమి.

వెలుగు తాను సాగు దిక్కునకు అడ్డముగా కంపించును. ఆ కంపనము ఒక నియతమైన దిశయందు ఉండుటయే ధ్రువణము. 1808లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మాలుస్, పారిస్ నగరమున లక్సెంబర్గు భవనపు కిటికీ అద్దములనుండి ప్రతిఫలించిన సూర్యకాంతిని కాల్సైటు స్ఫటికముగుండ చూచెను. స్ఫటికమును త్రిప్పినకొలది అందు కానవచ్చు రెండు బింబముల కాంతి హెచ్చుతగ్గులగుట గమనించెను.

విశాలమైన చోట కంపనదిశతో అంతగా పనిలేదు. ఇరుకైన చోట కలదు. మంచమును వసారాలో ఎట్లు మోసినను చెల్లును. సన్నని గుమ్మము కడ ప్రక్కకు త్రిప్పక తప్పదు. చిప్‌పై వెలుగునకు వేయు సిలికాన్ బాట సాధారణముగా 500 నానోమీటర్ల వెడల్పు, 220 నానోమీటర్ల ఎత్తు గలది. సిలికాన్ వక్రీభవన గుణకము సుమారు 3.5; చుట్టునున్న సిలికాకు 1.44 మాత్రమే. ఈ అంతరము వలననే వెలుగు అంత సన్నని బాటను వీడక సాగును. కాని బాట వెడల్పు హెచ్చు, ఎత్తు తక్కువ. కావున 1550 నానోమీటర్ల వెలుగునకు అడ్డకంపనమునందు ఫలితగుణకము సుమారు 2.4 కాగా, నిలువు కంపనమునందు సుమారు 1.8. మంచమువలె గుమ్మము కడ ఆగిపోకున్నను, రెండును వేర్వేరు వేగములతో పోవును.

గాజుపోగు వంగినను, వేడెక్కినను అందలి కంపనదిశ మారుచుండును. చిప్‌ను చేరునప్పటికి అది ఏ దిశయందుండునో ముందుగా చెప్పజాలము. ఒక్క దిశకే అమర్చిన చిప్ ఐనచో, ఒకప్పుడు వార్త చక్కగా అందును. మరొకప్పుడు క్షీణించి మాయమగును. బాటను చదరముగా చేసినచో వేగములు సమమగును గదా యని తోచవచ్చును. కాని ఒకటి రెండు నానోమీటర్ల తేడాయే ఆ సమత్వమును చెరచును.

కావున శాస్త్రజ్ఞులు వేరుచేసి త్రిప్పు ఉపాయమును పన్నిరి. రెండు బాటలను చేరువగా వేయుదురు. నిలువు కంపనపు వెలుగు బాటలో అంతగా ఇమడక వెలుపలికి వ్యాపించును గనుక త్వరగా ప్రక్కబాటకు దాటును. అడ్డకంపనపు వెలుగు తన బాటనే నిలుచును. పిమ్మట దాటిన పాయను సౌష్ఠవము తప్పించిన బాటగుండ పంపినచో, దాని కంపనదిశ 90 డిగ్రీలు తిరుగును. అంతట రెండు పాయలును ఒకే తీరున నడచును. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారు 2007లోను, జపానులోని ఎన్.టి.టి. పరిశోధకులు 2008లోను ఇట్టి అమరికలను ప్రకటించిరి.

చిక్కుగా తోచినదే నేడు సంపద యైనది. రెండు కంపనదిశలపై రెండు వార్తలను మోపి, ఒకే పోగున ఒకే రంగు వెలుగుతో ఇనుమడించిన సమాచారమును పంపుచున్నారు.

ఈ విద్య మనకు దూరమైనది కాదు. 1956లో బెంగుళూరున పంచరత్నంగారు ధ్రువణస్థితి మార్పులు పొంది తిరిగి తొలిస్థితికి వచ్చినపుడు వెలుగుదశలో కలుగు భేదమును వెల్లడించిరి. నేడు బెంగుళూరు విజ్ఞానసంస్థలోను, మద్రాసు ఐ.ఐ.టి.లోను సిలికాన్ బాటలపై పరిశోధన సాగుచున్నది. ఆ నగరములలోనే పెరుగుచున్న మన పిల్లలకు, ఈ సంగతిని ఇంట తెలుగుననే చెప్పి కుతూహలము కలిగింప ప్రార్థించుచున్నాము.