ఇల్లే కంపెనీ: వనారస గోవిందరావు స్మారకోపన్యాసం



కడప జిల్లా చక్రాయపేట మండలంలో సురభి అనే ఊరుంది. పాత పేరు సొరుగు. 1885లో ఆ ఊళ్లో ఒక పెళ్లి సందర్భంగా ‘కీచక వధ’ నాటకం ఆడారు. ఆడినవాళ్లు చదువుకున్న బాబులు కారు, తోలుబొమ్మలాట ఆడించుకుని బతికే కుటుంబాలవాళ్లు. ఆ నాటకంతో మొదలైన సమాజాన్ని నిలబెట్టి, ఊరి పేరునే ఇంటిపేరంత గట్టిగా దానికి అతికించిన పెద్దమనిషి వనారస గోవిందరావు.

నాటకరంగ చరిత్ర రాసినవాళ్లు గోవిందరావుకు వ్యవస్థాపకుడిగా పీట వేశారు. అది న్యాయమే. కానీ ఆయన్ని ముందు ఇంటిపెద్దగా చూడాలి. ఆ ఇంటిపెద్దరికం అర్థమైతేనే సురభి ఎందుకు నిలిచిందో, సాటి కంపెనీలు ఎందుకు చెదిరిపోయాయో తెలుస్తుంది.

ఆ కాలాన్ని ఒకసారి తలుచుకోండి. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులతో నాటకాలాడించారు. 1886లో బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదిని సభ పెట్టారు. ఇవన్నీ పట్టణాల్లో, పగలు బడుల్లోనో కోర్టుల్లోనో కచేరీల్లోనో పని చేసుకునేవాళ్లు సాయంత్రాలు చేరి నడిపిన సమాజాలు. నాయకుడు పోతేనో, బదిలీ అయితేనో సమాజం మూతపడేది. గోవిందరావు మనుషులకు వెళ్లడానికి మరో కొలువు లేదు. నాటకమే వాళ్లకు సేద్యం, నాటకమే కూడు.

వనారస వారి పూర్వీకులు మరాఠీ ప్రాంతం నుంచి తెలుగు నేలకు వచ్చినవారు. తోలుబొమ్మలాట ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. తెర వెనక తండ్రి రావణుణ్ణి ఆడిస్తే, సీత పాట తల్లి అందుకోవాలి. దీపం దగ్గర ఒకరు, తాళాల దగ్గర ఒకరు, బొమ్మల వరస చూసుకుంటూ పిల్లలు. కథ తెల్లవారేదాకా సాగితే ఇల్లంతా మేలుకుని ఉండాల్సిందే. 1885లో మారింది నిజానికి ఒక్కటే: బొమ్మలు పక్కకు వెళ్లాయి, వాటి వెనక ఉన్న మనుషులు దీపం ముందుకు వచ్చారు.

ఆ ముందుకు రావడంలోనే పెద్ద సాహసముంది. అప్పటి తెలుగు నాటకంలో స్త్రీ పాత్రలు మగవాళ్లే వేసేవారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు కూడా స్థానం నరసింహారావు సత్యభామగా వస్తే జనం నీరాజనాలు పట్టారంటే ఆ సంప్రదాయం ఎంత బలమైందో ఊహించుకోవచ్చు. సురభిలో మాత్రం ఆడవేషం ఆడవాళ్లే కట్టారు. సంస్కరణ సభలు పెట్టి, తీర్మానాలు చేసి సాధించిన మార్పు కాదిది. తెర వెనక తరతరాలుగా సీతకు గొంతిచ్చిన ఇల్లాలికి తెర ముందు సీత కావడం పరాయి పని అనిపించి ఉండదు. పక్కన రాముడి వేషంలో ఉన్నది భర్తో అన్నో అయినప్పుడు ఆమెకు అండ వెతుక్కోవలసిన అవసరమూ లేదు. గోవిందరావు చేసిన పనుల్లో అన్నిటికన్నా గొప్పది ఇదే. తన ఇంటి ఆడవాళ్లను లోకం ఏమంటుందోనని ఆ పెద్దాయన వెనక్కి లాగి ఉంటే సురభి చరిత్ర వేరుగా ఉండేది.

సురభి కమలాబాయి సంగతి చూడండి. ఆమె తల్లి నిండు నెలలతో దమయంతి వేషం కట్టిందనీ, నాటకం నడుస్తుండగానే నొప్పులు వచ్చి కమలాబాయి రంగస్థలం మీదే పుట్టిందనీ చెబుతారు. పుట్టిన చోటే ఆమె బడి కూడా అయింది. చిన్ననాడే బాలపాత్రలు వేసింది. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932 ఫిబ్రవరిలో విడుదలైనప్పుడు అందులో లీలావతి ఆమే. హెచ్.ఎం.రెడ్డి తీసిన ఆ సినిమాకు పాడగల, మాట స్పష్టంగా పలకగల నటి కావలసి వచ్చింది. అలాంటి నటి అప్పటికే ఒక సురభి డేరాలో తయారై ఉంది!

గోవిందరావుకు ముగ్గురు కొడుకులు, పదిమంది కూతుళ్లు. అంత సంసారాన్ని ఒక్క కంపెనీలో కట్టిపడేయడం ఎవరి వల్లా కాదు. సంతానం పెరిగినకొద్దీ కొత్త సమాజాలు పుట్టాయి, కొడుకులవి, కూతుళ్లవి, అల్లుళ్లవి. వేరు పడ్డా ‘సురభి’ అన్న మాటను ఎవరూ వదులుకోలేదు. ఆడే నాటకాలూ అవే: ‘మాయాబజార్’, ‘శ్రీకృష్ణ లీలలు’, ‘పాతాళభైరవి’, ‘బాలనాగమ్మ’. నారదుడు తీగ మీద ఆకాశం నుంచి దిగడం, కళ్లముందే మంటలు లేవడం, ఒక్క క్షణంలో అడవి రాజసభగా మారడం వంటి ట్రిక్కులన్నీ కాగితం మీద లేవు. తండ్రి చెయ్యి చూసి కొడుకు నేర్చినవే. తీగ లాగే మనిషి ఒక్క రెప్పపాటు ఏమరినా పైనున్న మనిషి కింద పడతాడు. ఆ పైనున్నది తన బిడ్డేనని తెలిసి లాగే చేతిలో ఉండే జాగ్రత్త కిరాయి చేతిలో ఉండదు.

ఈ జీవితం తేలికగా గడిచిందని ఎవరూ అనుకోవద్దు. ఊరూరా మకాం, రేకుల హాలు, దాని వెనకే వంట, దాని పక్కనే పురుడు. మూడు నెలలకో ఊరు మారే పిల్లలకు బడి ఎక్కడ నిలుస్తుంది? ఈ కుటుంబాలు కళకు ఇచ్చినదాంట్లో పిల్లల చదువు కూడా ఉంది. దాన్ని త్యాగమని పొగిడి ఊరుకోవడం మనకు తగదు.

సినిమా వచ్చాక దెబ్బ గట్టిగానే తగిలింది. 1960 నాటికి పదహారు దాకా ఉన్న సమాజాలు ఆ తర్వాత పదిహేనేళ్లలో నాలుగైదుకు పడిపోయాయి. మిగిలినవాటిలో 1937లో మొదలైన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి ఒకటి. దాన్ని నడిపిన, అందరూ సురభి బాబ్జీ అని పిలిచే రేకందార్ నాగేశ్వరరావు కుటుంబాల్ని చెదరనివ్వలేదు. 1990లలో ప్రసిద్ధ దర్శకుడు బి.వి.కారంత్ వచ్చి ఈ నటులతోనే ‘భీష్మ’, ‘చండీప్రియ’ చేయించారు. బ్రెహ్ట్ నాటకం ఆధారంగా ‘బస్తీ దేవత యాదమ్మ’ కూడా ఆడించారు. పురాణాలకే పరిమితమనుకున్న గొంతులు హైదరాబాదు బస్తీ యాసనూ పలికాయి. 2013లో బాబ్జీకి పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన కన్నుమూశారు.

శేరిలింగంపల్లి సురభి కాలనీలో ఈనాటికీ ఆ వంశంవారు ఉన్నారు. వాళ్లలో వయసు మళ్లినవారికి ఏ తెరను ఏ రంగులు కలిపి రాశారో, ఏ పద్యం ఏ రాగంలో ఎత్తుకోవాలో, గోవిందరావు మనవళ్లలో ఎవరు ఏ సమాజం పెట్టారో నోటికి వచ్చు. ఈ ఉపన్యాసం వింటున్న విశ్వవిద్యాలయ మిత్రులకు ఒకటే విన్నపం. వచ్చే సెలవుల్లో ఇద్దరు విద్యార్థులను ఒక రికార్డరు ఇచ్చి అక్కడికి పంపండి. ముందుగా ఆడవాళ్ల దగ్గర కూర్చోమనండి.